మాదప్ప గమ్మునున్న మూడు వారాలు

హోసూరు బస్టాండులో మాదప్ప గొంతు వినకుండా కృష్ణగిరి బస్సెక్కినవాళ్ళు ఈ ముప్పై ఏళ్ళలో చాలా తక్కువ. "శూలగిరి, గురుబరపల్లి, కృష్ణగిరీ... కృష్ణగిరి కృష్ణగిరి కృష్ణగిరీ!" అని ఆయన ఒక్క కేక వేస్తే, అవతలి ప్లాట్‌ఫారం దగ్గర టీ తాగుతున్నవాడు గ్లాసు సగంలో పెట్టేసి పరుగెత్తుకొచ్చేవాడు. ప్రైవేటు బస్సుల ఓనర్లంతా కలిసి పెట్టుకున్న మనిషి ఆయన. బస్సు ఎటు పోతుందో అరవం, తెలుగు, కన్నడం మూడింట్లోనూ అరిచి చెప్పడం, జనాన్ని ఎక్కించడం, టైము కాగానే బస్సు పక్కన అరచేత్తో రెండుసార్లు చరచడం ఆయన పని.

పుట్టింది గురుబరపల్లి పక్కన, రాళ్ళు కొట్టుకుని బతికే ఇంట్లో. ఐదో క్లాసు వరకు అరవ బడిలో చదివాడు. పదహారో ఏట ఒక బస్సులో క్లీనరుగా చేరాడు. ఒకరోజు కండక్టరు రాకపోతే తనే దిగి జనాన్ని పిలిచాడు. ఆ గొంతు విన్న ఓనరు, "నీకు అద్దాలు తుడిచే పనేందిరా? దేవుడు నీ నోట్లోనే హారను పెట్టి పంపినాడు కదరా!" అని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాడు. అప్పటినుంచి అక్కడే.

బస్టాండులో ఉన్న గొంతే ఇంట్లోనూ ఉండేది. బాగలూరు రోడ్డులో రెండు గదుల అద్దె ఇల్లు. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూ మొదలుపెడితే, అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగేది కాదు. ఏ డ్రైవరు ఎవరితో గొడవపడ్డాడు, ఏ బస్సు ఎక్కడ పంక్చరైంది, రేపు వాన వస్తుందా రాదా, అన్నీ ఆయనే చెప్పాలి. అడిగేదీ ఆయనే, జవాబు చెప్పేదీ ఆయనే. భార్య సుబ్బక్క వడ్డిస్తూ వినేది.

సుబ్బక్కది మాలూరు దగ్గర పల్లె. కన్నడ బడిలో ఏడో క్లాసు చదివింది. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ ఇరవై ఎనిమిదేళ్ళూ ఆమె గురించి వీధిలో అందరూ అనేది ఒక్కటే మాట: ఉలుకూ పలుకూ లేని మనిషి. మాదప్ప దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు. "మా ఇంటిదానికి నోట్లో నాలుక లేదప్పా. అదీ మంచిదే. ఇద్దరూ నోరున్నోళ్ళయితే ఇల్లు నిలస్తాదా?" అనేవాడు.

పోయిన ఏడు చింతపండు రాలగొట్టే రోజుల్లో ఆయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాడు, అతిమధురం నమిలాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకునేది. కార్తీకం వచ్చేసరికి 'కృష్ణగిరి' అంటే 'గిరి' మాత్రమే బయటికొచ్చేది. ఆఖరికి కూతురు పరిమళ ఫ్యాక్టరీలో ఒకరోజు సెలవు పెట్టి, ఆయన్ని కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

గొంతు లోపల తీగల మీద చిన్న బొడిపె లేచిందని డాక్టరమ్మ చెప్పింది. ఏళ్ళతరబడి అరిచీ అరిచీ వచ్చిందట. భయపడాల్సింది కాదుగానీ, ఆపరేషన్ చేసి తీసెయ్యాలంది. తీసేశారు కూడా. ఇంటికి పంపే రోజు ఆమె ఆయన కళ్ళలోకి చూసి అరవంలో గట్టిగా చెప్పింది. మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుస అసలే వద్దు, అది అరుపుకన్నా చెడ్డది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా మాట్లాడొచ్చు. బస్టాండులో కేకలు మాత్రం ఇక మర్చిపోవాలి. చీటీ మీద 'మౌనం' అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

మాదప్ప దార్లో ఒక పలకా బలపాలూ కొనిపించుకున్నాడు. మాట్లాడకపోతేనేం, రాసి చూపిస్తే సరిపోయె అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పరిమళ కంపెనీ బస్సెక్కి పోయింది. ఇంట్లో మొగుడూ పెళ్ళాం మిగిలారు. మాదప్పకు కాఫీలో చక్కెర చాలలేదు. పలక తీసుకుని 'ఇంకొంచెం చక్కెర వెయ్' అని రాసి, సుబ్బక్క ముందు పెట్టాడు. ఆయనకు వచ్చిన అక్షరాలు అరవ అక్షరాలే. మాట తెలుగైనా రాత అరవం. సుబ్బక్క పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది అరవం గదయ్యా. నాకు కన్నడం తప్ప యాడొస్తాది?" అంది.

మాదప్ప బలపం కింద పెట్టేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఒకరికొకరు రాసుకోవాల్సిన అవసరమే రాలేదు. ఇద్దరూ మాట్లాడే తెలుగు ఇద్దరికీ రాయడం రాదు. పరిమళ ఉంటే చదివి చెప్తుంది, కానీ అది వచ్చేది సాయంత్రమే. పలక మూలకు పోయింది.

పలకరించడానికి జనం వచ్చారు. పక్కింటి శేషప్ప గడపలోనే చేతులు జోడించి, "ఏమప్పా, మౌనవ్రతమా? సామివైపోయినావే!" అన్నాడు. ఆయన జాగాలో ఇప్పుడు బస్సులకు కేకలేస్తున్న కుర్రాడు వేలు ఆపిల్ పండ్లు తెచ్చి, "నువ్వు లేక బస్టాండంతా సైలెంటైపోయిందన్నా" అన్నాడు. ఎదురింటి ఆదిలక్ష్మమ్మ ముక్కు మీద వేలేసుకుని, "గంట మాదిరి మోగే మనిషి, ఇట్ల కిక్కురుమనకుండా కూర్చుంటే చూసేదానికి కడుపు తరుక్కుపోతాందమ్మా" అంది. ఇంటి ఓనరమ్మ ఒక్కతే ఉన్నమాట చెప్పింది: "ఇల్లు సద్దుమణిగింది సుబ్బక్కా. ఇన్నాళ్ళకు మా టీవీలో ఏమంటాండారో మాకు వినిపిస్తాంది."

అందరి మాటలూ మాదప్ప వింటూ కూర్చున్నాడు. ఆయన మాట్లాడకపోవడానికి ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టి పోయారు. ఆయనకు మాత్రం నోరు కుట్టేసినట్టే ఉంది. ప్రతి మాటకూ జవాబు గొంతుదాకా వచ్చి, అక్కడే నిలిచి, కిందికి దిగిపోయేది.

మూడో రోజు మధ్యాహ్నం సుబ్బక్క నడవలో కూర్చుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఒకవైపు, పప్పు ఒకవైపు జారుతోంది. మాదప్ప గోడకు ఆనుకుని కూర్చుని చూస్తున్నాడు.

"మా మాలూరు పక్క కాయయితే ఇంకా ఘమఘమలాడతాది" అంది ఆమె ఉన్నట్టుండి.

మాదప్ప నోరు తెరిచాడు. మాలూరు కాయ కంటే మన శూలగిరి కాయే మేలని చెప్పాలి. చెప్పే వీలు లేదు. నోరు మూసుకున్నాడు.

సుబ్బక్క కూడా ఒక క్షణం ఆగింది. తను ఒక మాట అంటే మీద ఇంకో మాట వచ్చి పడడం ఆమెకు అలవాటు. ఈసారి ఏదీ వచ్చి పడలేదు. ఇంకో గింజ నొక్కి, మెల్లగా అందుకుంది.

"మా అవ్వ ఈ కాలంలో ఊరందరికీ పప్పు పితికి పెడతా ఉండె. ఒకసారి ఏమైందో తెలుసా? మా బళ్ళోకి కోతి వచ్చె. హెడ్మాస్టరు కళ్ళద్దాలు ఎత్తుకుని పెంకులమీదికి పోయి కూర్చునె. ఆయప్పకు అద్దాలు లేకుంటే గోడా తెలీదు, వాకిలీ తెలీదు. గోడతో మాట్లాడతాండాడు, 'ఏయ్, ఇక్కడికి రా' అని..."

ఆమె హెడ్మాస్టరు గొంతుతో ఆ మాట అంది. ముక్కుతో మాట్లాడే ముసలాయన గొంతు అచ్చంగా దిగింది. మాదప్ప నిటారుగా కూర్చున్నాడు. తర్వాత కోతి గొంతు వచ్చింది. తర్వాత అవ్వ గొంతు. కోతికి పప్పు ఆశపెట్టి కళ్ళద్దాలు దించింది పన్నెండేళ్ళ సుబ్బక్కేనట. గిన్నె నిండేసరికి కథ అయిపోయింది. మాదప్ప భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళనీళ్ళు కారుతున్నాయి, నోట్లోంచి చప్పుడు మాత్రం లేదు.

"నవ్వొచ్చునేమో అడిగినావా డాక్టరమ్మను?" అని సుబ్బక్క కంగారుపడి, ఆమె కూడా నవ్వింది.

ఆ రోజు మొదలు ఆమె మాట్లాడుతూనే ఉంది. రేషను షాపులో క్యూ గురించి, ఓనరమ్మ కోడలి గురించి, మాలూరులో తనతో చదివి ఇప్పుడు టీచరైన స్నేహితురాలి గురించి. ఒకనాడు బట్టలారేస్తూ, ఒక చెయ్యి నడుమున పెట్టి, గడ్డం పైకెత్తి, "కృష్ణగిరి కృష్ణగిరి కృష్ణగిరీ!" అని మాదప్పనే దించేసింది. ఆ దీర్ఘం, ఆ చివరి విరుపు, ఏదీ తప్పిపోలేదు. మాదప్పకు ఆశ్చర్యం ఆగలేదు. ఇదేంది, ఆపరేషను నాకయితే గొంతు దీనికొచ్చిందా అనుకున్నాడు.

ఆ సాయంత్రం పరిమళ రాగానే పలక తీసి, అరవంలో రాసి చూపించాడు: 'మీయమ్మకు ఏమైంది? ఇంత మాట్లాడతాంది?'

పరిమళ చదివి నవ్వింది. "ఏమీ కాలేదు నాయనా. అమ్మ ఎప్పుడూ ఇంతే కదా."

'ఎప్పుడు?' అని రాశాడు.

"నువ్వు ఇంట్లో లేనప్పుడు." అని, ఆ మాట ఎట్లా తగులుతుందో చూసుకోకుండా పరిమళ సంచీలోంచి టిఫిన్ డబ్బా తీస్తూ చెప్పుకుపోయింది. "చిన్నప్పటినుంచీ నాకు కథలన్నీ అమ్మే చెప్పింది. సందు చివర నీ దగ్గు వినిపిస్తే ఆపేస్తా ఉండె. 'మీ నాయన వస్తాండాడు, మిగతాది రేపు' అంటా ఉండె. నేను ఒకటో క్లాసులో అనుకుంటా ఉన్నా, అందరిండ్లల్లోనూ కథలు నాయన రాకముందే చెప్పాలేమో అని."

మాదప్ప పలక మీద రాసింది చేత్తో తుడిచేశాడు. ఇంకేమీ రాయలేదు.

అన్నం తినేటప్పుడు సుబ్బక్క రోజూలా మాట్లాడింది. ఆయన తలొంచుకుని తిన్నాడు. మాట్లాడని మనిషి అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు తను. మాట్లాడని మనిషి కాదు. తను చెప్పులు విప్పేలోపు మాటలన్నీ సర్దేసి మూట కట్టేసే మనిషి. ఆ సంగతి తెలియంది ఈ ఇంట్లో తనొక్కడికే.

మర్నాడు ఆయన కాళ్ళు బస్టాండుకే లాక్కుపోయాయి. ప్లాట్‌ఫారం మీద వేలు పీలగొంతుతో అరుస్తున్నాడు. బస్సులు నిండుతున్నాయి, టైముకు కదులుతున్నాయి. తను లేకపోతే కృష్ణగిరికి జనం దారి తెలియక నిలబడిపోతారని ముప్పై ఏళ్ళు నమ్మాడు. మనసు చివుక్కుమంది. టీ తీసుకుని, కర్ణాటక బస్సులు ఆగే వైపు పోయి బెంచీమీద కూర్చున్నాడు.

ఎదురుగా ఒక బస్సు బోర్డుమీద కన్నడంలో ఊరి పేరుంది. ఆయనకు ఆ అక్షరాలు విడివిడిగా తెలియవు. కానీ ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు గనుక, ఏ బోర్డు ఏ ఊరో మొత్తంగా చూసి గుర్తుపడతాడు. ఇది చెన్నై. దాని వెనకది ధర్మపురి. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. చెన్నైలో మొదటిది 'చె' కావాలి కదా? ధర్మపురిలో చివరినుంచి రెండోది 'పు' కావాలి కదా? జేబులోని పాత టికెట్టు వెనక బాల్‌పెన్నుతో ఆ రెండూ చూసి చూసి గీశాడు. బొమ్మ గీసినట్టు గీశాడు.

ధర్మపురి బస్సు కండక్టరు నరసింహప్ప టిఫిన్ తిని చెయ్యి కడుక్కుని వస్తూ ఆయన భుజం మీదుగా చూశాడు. కోలారు పక్కాయన, తెలుగు మాట్లాడతాడు. "ఏమి మాదప్పా, ఈ వయసులో కన్నడం నేరుస్తాండావా?" అన్నాడు.

మాదప్ప తన గొంతు చూపించి, మాట్లాడకూడదన్నట్టు చెయ్యి ఊపి, తర్వాత కాగితం చూపించి, చేత్తో నోటినుంచి మాటలు వస్తున్నట్టు సైగ చేశాడు. నరసింహప్ప కొంచెంసేపు బుర్ర గోక్కుని, "ఓ, చెప్పు అనా? అయితే దీని కింద ఇంకొక 'ప' వత్తు పడాల. లేకపోతే చెపు అవుతాది" అని పెన్ను లాక్కుని కింద చిన్న కొక్కెం తగిలించాడు. "ఎవరికి?" అని అడిగాడు. మాదప్ప ఇంటివైపు చెయ్యి చూపించాడు. నరసింహప్ప నవ్వలేదు. "బాగుండాది, పో" అని విజిల్ వేసుకుంటూ బస్సెక్కాడు.

ఇంటికొచ్చేసరికి సుబ్బక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మాదప్ప టికెట్టు తీసి ఆమె చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు. ఆమె కాగితాన్ని వెలుగుకు పట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది.

"చె... ప్పు. చెప్పు." తలెత్తి ఆయన కాళ్ళవైపు చూసింది. "చెప్పు కాళ్ళకే ఉండాదే. ఏమాయె? తెగిందా?" అంటూ చేట పక్కన పెట్టి, వంగి ఎడమకాలి చెప్పు పట్టుకుని తిప్పి చూసింది. "వారు బాగానే ఉండాది గదా?"

మాదప్ప తల అడ్డంగా ఊపాడు. వేలితో ఆమె నోటిని చూపించాడు. తన చెవిని చూపించాడు. తర్వాత గడపమీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని ఎదురుచూశాడు.

సుబ్బక్కకు అప్పటికి అర్థమైంది. చేతిలో టికెట్టును మళ్ళీ చూసింది. వంకరటింకర కన్నడ అక్షరాలు.

"చెప్పమంటాండావా?" అంది. "అయితే చెప్తాను, విను. డాక్టరమ్మ నీకు మౌనం అని రాసిచ్చింది. శేషప్ప కూడా మౌనమనె. మౌనమంటే మనిషి తనంతట తాను పట్టేది. నేనెప్పుడూ పట్టలేదయ్యా. పెళ్ళయిన నాలుగో దినం మీయమ్మకు నేనేందో చెప్తాండా. మా ఊరి జాతర సంగతి. నువ్వొచ్చి, 'గమ్మునుండు, నేను చెప్తాండా కదా' అంటివి. గమ్మునుంటి. అప్పుడప్పుడూ నోరు తెరస్తా ఉంటి. నీ గొంతు ముందర ఎవరిది నిలస్తాది? తర్వాత తర్వాత అదే అలవాటాయె. ఊరంతా నన్ను మంచిదనిరి. గమ్మునుండేదే మంచితనమైపోయె."

ఆమె గొంతులో కోపం లేదు. ఎప్పటినుంచో మడిచి పెట్టిన బట్టను విప్పి దులిపినట్టు చెప్పింది. మాదప్పకు ఆ నాలుగో దినం గుర్తే లేదు. ఆమెకు ఆ రోజు వండిన కూర కూడా గుర్తుంది. ఆయన లేచిపోలేదు. చేట తన దగ్గరికి లాక్కుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాడు. ఆమె ఆ జాతర సంగతి మొదటినుంచీ చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆగిన కథ, పొయ్యిమీద ఎసరు మరిగిపోతున్నా ఆపలేదు.

మూడు వారాలయ్యాక ఇద్దరూ కృష్ణగిరి పోయారు. డాక్టరమ్మ గొంతులో చూసి బాగా మానిందంది. 'ఆఁ' అనమంది. సన్నగా, ఎవరిదో పరాయి గొంతు వచ్చినట్టు వచ్చింది. రోజుకు పది నిమిషాలు మాట్లాడొచ్చు, వారం వారం పెంచుకోవచ్చు అంది.

తిరుగు బస్సులో సుబ్బక్క కిటికీ పక్కన కూర్చుంది. బస్సు గురుబరపల్లి దాటింది. "పది నిమిషాలే. జాగర్తగా వాడుకో" అంది ఆమె నవ్వుతూ.

మాదప్ప ఆ మూడు వారాల్లో చాలా మాటలు కూడబెట్టుకున్నాడు. అవన్నీ పక్కన పెట్టి, ఒక్కటే అడిగాడు. "మీయమ్మ పోయినప్పుడు నువ్వు నెలదినాలు నోరు తెరవలే. నీకు ధైర్యమెక్కువ అని అందరికీ చెప్పుకున్నా నేను. అప్పుడు నీ లోపల ఏముండె?"

సుబ్బక్క కిటికీలోంచి మామిడితోటలు వెనక్కి పోతుంటే చూస్తూ ఉండిపోయింది. మాదప్పకు నోట్లో ఇంకా ఎనిమిది తొమ్మిది నిమిషాలున్నాయి. వాడుకోలేదు. శూలగిరిలో బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. ఎవరో జామకాయలమ్మారు. ఆయన కదల్లేదు, ఆమెను తొందరపెట్టలేదు. బస్సు మళ్ళీ కదిలి పెద్దరోడ్డెక్కిన తర్వాత ఆమె మెల్లగా, ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి, మొదలుపెట్టింది. హోసూరు వచ్చేదాకా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. దిగేటప్పుడు ఆమె మొహం తేటగా ఉంది.

ఇప్పుడు మాదప్ప ప్లాట్‌ఫారం మీద లేడు. ఓనర్లు ఆయన్ను టైము రాసే గదిలో కూర్చోబెట్టారు. జనం వచ్చి కిటికీ దగ్గర అడిగితే తగ్గుగొంతుతో దారి చెప్తాడు. వినాలంటే వాళ్ళు వంగాలి, వంగుతారు. ఇంట్లో ఆయన పూర్తిగా మారిపోయాడని చెప్తే అబద్ధమవుతుంది. సుబ్బక్క మాట సగంలో ఉండగా ఇప్పటికీ అడ్డం పడతాడు. అప్పుడు ఆమె చెయ్యెత్తి, "ఇరు, ఆగు. నాది కానీ" అంటుంది. ఆయన ఆగుతాడు. ఒక్కోరోజు ఆమె చెయ్యి ఎత్తకముందే ఆగుతాడు.

మొన్న మాలూరులో సుబ్బక్క తమ్ముడి గృహప్రవేశానికి పోయారు. భోజనాలయ్యాక ఇరవై ముప్పైమంది చాపలమీద కూర్చుంటే, సుబ్బక్క వాళ్ళ మధ్య కూర్చుని, వేలు పనికొచ్చిన కొత్తలో తళి బస్సును డెంకణికోట బస్సని అరిచి ఒక పెళ్ళిబృందాన్ని వేరే ఊరికి పంపిన సంగతి చెప్పింది. ఆ సంగతి ముందురోజు ఆమెకు చెప్పింది మాదప్పే. అయితే ఆయన చెప్పినప్పుడు పెళ్ళివాళ్ళు పన్నెండుమంది. ఈమె చెప్పేటప్పటికి నలభైమందయ్యారు, చేతిలో అరటిగెల ఉన్న ఒక మేనమామ కూడా వచ్చి చేరాడు. చాపలమీద జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతున్నారు.

"నిజంగా నలభైమందా మాదప్పన్నా?" అని సుబ్బక్క మరదలు నాగవేణి వెనక్కి తిరిగి అడిగింది.

గోడకు ఆనుకుని కాఫీ తాగుతున్న మాదప్ప సుబ్బక్క వైపు చూశాడు. ఆమె కూడా చూస్తోంది.

"ఆయమ్మ చెప్పినట్టే" అన్నాడు.